సవరణ: కోళ్ల వ్యర్థాల పోస్టులో దూరం తప్పు రాశాను

ఆదివారం షాద్‌నగర్ నుంచి శంషాబాద్ వెళ్తూ, రోడ్డు పక్కన చినిగిన సంచుల్లోంచి కోడి ఈకలు, పేగులు బయటపడి, పైన గద్దలు తిరుగుతుంటే ఫొటో తీసి పెట్టాను కదా, అందులో ఎయిర్‌పోర్ట్ ప్రహరీ నుంచి 3 కిలోమీటర్ల లోపే చెత్త వేయకూడదని రాశాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాశాను. 1937 ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 91వ నిబంధన ప్రకారం హద్దు 10 కిలోమీటర్లు, అదీ గోడ నుంచి కాదు, ఏరోడ్రోమ్ రిఫరెన్స్ పాయింట్ (ఎయిర్‌పోర్ట్ ఎక్కడుందో చూపడానికి అధికారికంగా గుర్తించిన బిందువు) నుంచి. పక్షులను రప్పించే చెత్త వేయడమే కాదు, జంతువులను కోయడం, తోలు తీయడం కూడా అందులోకే వస్తాయి. పక్షి ఇంజిన్‌లోకి పోతే ఎంత ప్రమాదమో తెలిసిందే. ఇంకోటి, ఎయిర్‌పోర్ట్‌కు లైసెన్స్ ఇచ్చేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అన్నాను, కాదు, డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్). పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా చేయండి.