కత్తెర పక్కన పెట్టించి గులాబీ ఇచ్చారట!

ఇప్పుడే అమీర్‌పేటలో ఒక స్టూడియో తీసిన ఫొటో చూశాను, ఒళ్లు మండిపోతోంది. దర్జీ పెద్దాయన తన కత్తెర తెచ్చుకుంటే దాన్ని పక్కన పెట్టించి చేతిలో ప్లాస్టిక్ గులాబీ పెట్టారు. ఆయన దాంతో ఏం చేస్తాడు, కాజాలు కుడతాడా? పైగా "కళ్లద్దాలు తీసెయ్ తాతా, మెరుస్తున్నయ్" అన్నారట. మెళ్లో టేపు ఒక్కటే మిగిలింది, దాని సంగతికి వస్తాను.

అద్దాలు మెరిస్తే జరపాల్సింది లైటుని అయ్యా! అద్దానికి ఏ కోణంలో తగిలితే అదే కోణంలో తిరిగొస్తుంది వెలుతురు. ఆ దారిలో కెమెరా లేకపోతే చాలు. సాఫ్ట్‌బాక్స్‌ని (తెల్ల గుడ్డ కప్పి వెలుతురుని మెత్తబరిచే లైటు పెట్టె) కంటి ఎత్తుకి బాగా పైన, ఒక పక్కకి పెట్టండి. ఇంకా మెరుస్తుంటే చెవుల దగ్గర కాడల్ని కొంచెం పైకి లేపండి, అద్దాలు కిందికి వాలతాయి. ఫొటోలో ఎవరికీ తెలియదు.

కత్తెరతో వేరే తంటా. లోహం మీది మెరుపుకి పోలరైజర్ (లెన్స్ ముందు బిగించి మెరుపు తగ్గించే ఫిల్టర్) పెద్దగా పనిచేయదు. ఎదురుగా తెల్ల థర్మాకోల్ షీటు నిలబెడితే మచ్చలు మచ్చలుగా కాకుండా అంచు పొడవునా సాఫీగా వెలుగుతుంది. ఇక ముఖాల ఫొటోలకి వాడే 85 ఎంఎం లెన్స్ ఉంది కదా అని అందరూ ఎఫ్ 1.8లోనే, అంటే లెన్స్ కన్ను బాగా తెరిచి కొడతారు. కళ్లు షార్ప్, చేతులు మసక. ఆ కన్ను చిన్నది చేసి ఎఫ్ 5.6కో 8కో వెళ్లి, మోచేతులు ఒంటికి ఆనించి, కత్తెరని ముఖం ఉన్న దూరంలోకే తెప్పించాలి. ఫోనైతే 2ఎక్స్ జూమ్‌లో పెట్టి వెనక్కి నడవండి. దగ్గరికొచ్చి 1ఎక్స్‌లో కొడితే తలకంటే కత్తెరే పెద్దగా పడుతుంది.

రాజా దీన్ దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన ఊరండీ ఇది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ ఆయన. నవాబు కత్తి ఫొటోలో ఉండొచ్చు, దర్జీ కత్తెర ఉండకూడదా?

సరే, టేపు. ఎడిటింగ్‌లో చర్మాన్ని నునుపు చేసే స్మూతింగ్ కొట్టీ కొట్టీ దాని మీది అంకెలు కూడా చెరిపేశారు! కాయలు కాసిన వేళ్లు మైనం ముద్దలయ్యాయి. మాస్క్ వేసి, అంటే స్మూతింగ్ తగలకుండా కప్పి, చేతుల్ని, వస్తువుల్ని వదిలేయడానికి రెండు నిమిషాలు పట్టదు. అసలు ఈ స్మూతింగ్ మీద, తెల్లబరచడం మీద నాకు ఎప్పటి నుంచో కడుపుమంట. చామనఛాయ మనిషిని పిండిబొమ్మ చేసి ఇస్తారు. గ్రే కార్డ్ (రంగుల కొలతకి వాడే బూడిద రంగు అట్ట) పట్టుకుని వైట్ బ్యాలెన్స్, అంటే లైటుని బట్టి రంగులు నిజంగా పడేలా సరిచేయడం మాత్రం చేతకాదు. ఎవరడిగారు మిమ్మల్ని రంగు మార్చమని? పైగా బిల్లులో "స్కిన్ బ్రైటెనింగ్ ఫ్రీ" అట, మనం థాంక్స్ చెప్పాలి కాబోలు!