గడియారం అడిగే తుపాకీ

జర్మనీకి చెందిన ఆర్మటిక్స్ సంస్థ 2014లో అమెరికాలో అమ్మకానికి తెచ్చిన పిస్తోలుకు ఒక చేతి గడియారం జత. గడియారంలో పిన్ నొక్కి, ఆ చేత్తో పిస్తోలు పట్టుకుంటే వెనుకవైపు పచ్చ దీపం వెలుగుతుంది. అప్పుడే అది పేలుతుంది. గడియారం దగ్గర లేదా, అది వట్టి ఇనుప ముక్క. సొరుగులో దొరికిన తుపాకీతో ఆడుకునే పసివాడి ప్రాణం దక్కాలన్న ఉద్దేశాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ 2017లో ఒక హ్యాకర్ 15 డాలర్ల అయస్కాంతాలను పక్కన ఆనించి, గడియారం ఊసే లేకుండా దాన్ని పేల్చి చూపించాడు. జత ఖరీదేమో సుమారు 1,800 డాలర్లు!

అంతకుముందే మరో రగడ జరిగింది. మేరీలాండ్‌లో ఆ పిస్తోలు అమ్ముతానన్న దుకాణదారుకు తుపాకీ హక్కులవాదుల నుంచి చంపుతామంటూ బెదిరింపులు వచ్చాయి. ఆయనా తుపాకీ హక్కుల పక్షమే! బెదిరింపులను సమర్థించేది లేదు. అయితే ఆ కోపానికి మూలం న్యూజెర్సీ 2002లో చేసిన చట్టంలో ఉంది. గడియారంతోనో వేలిముద్రతోనో యజమానిని గుర్తుపట్టాకే పేలే ‘స్మార్ట్ తుపాకీ’ దేశంలో ఎక్కడైనా అమ్మకానికి వస్తే, మూడేళ్లలో ఆ రాష్ట్రంలో అమ్మే చేతి తుపాకులన్నీ అలాంటివే కావాలట. పోలీసులకు మాత్రం మినహాయింపు. పోలీసు నమ్మని పనిముట్టును గృహస్థు ఎందుకు నమ్మాలి?

కార్డుతో చేసే ఆన్‌లైన్ చెల్లింపులకు రెండో తనిఖీని మన రిజర్వు బ్యాంకు 2009లో తప్పనిసరి చేసింది. ఓటీపీ సమయానికి రాక, తత్కాల్ టికెట్టు చేజారి తిట్టుకున్నవాళ్లం మనలో ఎందరో. అయినా అలవాటుపడ్డాం. అక్కడ పోయేది టికెట్టే. అర్ధరాత్రి దొంగ తలుపు పగలగొడుతున్నప్పుడు, చెమట పట్టిన వేలిని యంత్రం గుర్తుపట్టకపోతే పోయేది ప్రాణం. రెండింటినీ ఒకే తూకం వేయలేం.

ఇంకో మాట. 2024 నవంబరులో అమెరికాలోని అట్లాంటాలో ఉంటున్న తెలంగాణ విద్యార్థి పుట్టినరోజునాడే తన వేట తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి మరణించాడు. వేలిముద్ర తాళం ఉన్నా అది అతని వేలికి తెరుచుకునేదే. శుభ్రం చేసేముందు తూటా తీశామో లేదో చూసుకోవడం యంత్రం పని కాదు.

న్యూజెర్సీ 2019లో వెనక్కి తగ్గింది. ఆమోదం పొందిన స్మార్ట్ తుపాకీ ఒక్కటైనా దుకాణంలో ఉంచితే చాలునంది. మాకు ఇదే సబబుగా తోస్తుంది. కొలరాడోలోని బయోఫైర్ సంస్థ 2023లో ముఖాన్నో వేలిముద్రనో గుర్తుపట్టే పిస్తోలును 1,499 డాలర్లకు ప్రకటించింది. పిల్లలున్న ఇంటివారు కావాలనుకుంటే కొనుక్కుంటారు. కొనే స్తోమత లేనివారు తూటాలను వేరే పెట్టెలో పెట్టి తాళం వేయవచ్చు. ఇక ప్రభుత్వాలు మళ్లీ నిర్బంధం మాట ఎత్తాలనుకుంటే, ముందు తమ పోలీసుల నడుముకు ఈ పిస్తోళ్లు కట్టి ఏడాదిపాటు గస్తీకి పంపాలి.