నెల్లూరులో మంచు తీసే యంత్రం

ఎయిర్‌పోర్టుల సీనియర్ కన్సల్టెంట్లను ఎవరైనా చులకనగా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. గాలి లెక్క, నేల లెక్క, పక్షుల లెక్క, ఇరవై ఏళ్ల తర్వాత ఎంతమంది విమానం ఎక్కుతారో ఆ లెక్క, ఇన్ని తెలిసినవాళ్లు. నెల్లూరులో ఎండ కాస్తుందన్న ఒక్క ముక్క తెలియకపోతే మాత్రం ఏం కొంప మునిగింది?

మొన్న ఇక్కడే ఒక హోటల్ ఏసీ హాల్లో, మన వైపు కట్టబోయే ఒక విమానాశ్రయం రిపోర్టు మీద మీటింగు పెట్టారు. మామ పొలం కూడా అందులో పోతుంది కాబట్టి ఆయన వెంట నేనూ వెళ్లాను. అరవై నాలుగో స్లైడులో కొనాల్సిన సామాన్ల పట్టీ వేశారు. ఫైరింజన్లు, నిచ్చెన బండ్లు, ఎక్స్‌రే మిషన్లు. వాటి కింద, ‘రన్‌వేపై మంచు తొలగించే యంత్రం, ఒకటి’.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరండీ ఇది.

మామ లేచి నిలబడ్డాడు. “అయ్యా, మనకాడ మంచు ఎప్పుడు పడింది?”

ఏ కొండ ఊరి రిపోర్టులోనో పేరు మార్చి తెచ్చారని నాబోటివాడికే తెలిసిపోయింది. కన్సల్టెంటు మాత్రం తొణకలేదు. “క్లైమేట్ ఛేంజ్ అండీ. ముందుచూపుతో పెట్టాం.” ముందు వరసలో తలలు ఊగాయి. ఒకాయన డైరీలో రాసుకున్నాడు కూడా. నా పక్కనున్న మనిషి వంగి, తన బావమరిదికి హెవీ లైసెన్సు ఉందని, ఆ బండికి డ్రైవరు పోస్టు ఎవరి చేతిలో ఉందని గుసగుసగా అడిగాడు.

అప్పట్నుంచి నాకు ఆ యంత్రం మీదే బెంగ. దానికి షెడ్డు కావాలి, వాచ్‌మన్ కావాలి. దసరాకి పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయలు తొక్కించాలి. ఏడాదికోసారి ఆడిట్‌వాళ్లొచ్చి ఎంత మంచు తీశారని అడిగితే ‘నిల్’ అని రాసి సంతకం పెట్టాలి. జిల్లాలో ఐసు గుట్టలుగా కనపడేది సముద్రం ఒడ్డున చేపల రేవుల్లో, చేపల మీద. పోనీ అక్కడికి డెప్యుటేషన్ మీద పంపుదామా?

రాయాల్సిన ఎండ సంగతి రిపోర్టులో లేదు. వేడికి గాలి పలచబడి రెక్కలకు పట్టు చాలదు, విమానం లేవాలంటే ఇంకా దూరం పరిగెత్తాలి. ప్రామాణిక ఉష్ణోగ్రతకు (సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు) పైన ఒక్కో డిగ్రీకి రన్‌వే సుమారు 1 శాతం పొడుగు పెంచాలని అంతర్జాతీయంగా పాటించే లెక్క. గాలి దిశకు మాత్రం రంగురంగుల పువ్వు బొమ్మ వేశారు, విండ్ రోజ్ అట. చేట పట్టుకుని కళ్లంలో తూర్పారబట్టినవాడు ఏ నెలలో గాలి ఎటు మళ్లుతుందో నిద్రలో లేపినా చెబుతాడు. మామను ఎవరూ అడగలేదు. (అడిగుంటే కన్సల్టెంటునే తూర్పారబట్టేవాడు.)

2024 మార్చిలో బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర మన హైవే మీదే వాయుసేన రవాణా విమానం ఏఎన్-32 దిగి మళ్లీ ఎగిరింది. అవసరానికి విమానాలు దిగేలా కట్టిన 4.1 కిలోమీటర్ల రోడ్డది. ఇటు మన జిల్లా దగదర్తిలో విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన చేశారు. విమానం ఎక్కాలంటే మనం ఇంకా మద్రాసో రేణిగుంటో పోతున్నాం. ఆ కన్సల్టెంటూ మద్రాసులో దిగి కారులోనే వచ్చాడు.

మామ పొలం ఎయిర్‌పోర్టుకు పోతుందని తెలిసినప్పట్నుంచి కొనేవాడు గడప తొక్కలేదు. బోరు ఎండిపోతే కొత్తది వేయాలో వద్దో తెలియదు. అర ఎకరం అమ్మి చేద్దామనుకున్న కూతురి పెళ్లి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి చేశాడు. ఆ వడ్డీ ఏ స్లైడులో ఉంది? మంచుకు ముందుచూపు ఉన్న పెద్దమనిషికి ఈ మనిషి కనపడలేదా? కారు అద్దం కూడా దించకుండా ఫొటో తీసుకుని పోయి, ఆ నేలని ‘ఖాళీ భూమి’ అని రాశాడు. ఖాళీ అట! మూడు తరాలు వరి పండించిన నేలరా అది! సిగ్గుండాలి.

క్షమించండి, సీనియర్ల గురించి గౌరవంగానే రాద్దామని కూర్చున్నాను.

సవరించిన రిపోర్టు వచ్చిందట. మంచు యంత్రం తీసేశారు. తీసేసినందుకు ఫీజు వేరేగా వేశారు.