ఏడాది దాటితే గండం గడిచినట్టేనా?

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో మా మందుల దుకాణానికి నెలనెలా వచ్చే ఒకావిడ ఈసారి చీటీ బదులు ఫోను చూపించారు. "మా ఆయనకు పక్షవాతం వచ్చి ఏడాది నిండింది బాబూ. ఇక మాత్రలు అక్కర్లేదట కదా!"

ఇక్కడా, పక్కనే పాతపట్నంలోనూ తిరుగుతున్న సందేశమే అది. అందులో ఉన్నది ఇదీ: ఏడాది బతికితే గండం గడిచినట్టే. బీపీ సరిగా ఉంటే మాత్రలు ఆపవచ్చు. అవి కిడ్నీలను తినేస్తాయి. ఆ తరువాత పోతే వయసు వల్లే.

మొదటి మాటలో సగం నిజముంది, చిక్కంతా అందులోనే. మొదటి నెలల్లో ఉన్నంత ప్రాణభయం తరువాత ఉండదు. కానీ 1982-91 మధ్య డెన్మార్క్‌లో మొదటిసారి పక్షవాతం వచ్చినవారి లెక్క చూడండి: ఏడాదిలో 41 శాతం, అయిదేళ్లలో 60 శాతం మరణించారు. అంటే ఏడాది గట్టెక్కిన ప్రతి 59 మందిలో 19 మంది మరో నాలుగేళ్లలో పోయారు. వైద్యం ఇప్పుడు మెరుగుపడింది, నిజమే. మాత్రలు మానేసినవారికి ఆ మెరుగు ఎక్కడిది?

వయసు వల్లే అన్నదీ నిలవదు. అదే వయసున్న ఇతరులతో పోల్చినా వీరిలో మరణాలు ఎక్కువే. మెదడు రక్తనాళాన్ని మూసిన కొవ్వు గుండె నాళాల్లోనూ పేరుకుంటుంది. అందుకే ఏళ్లు గడిచేకొద్దీ గుండెజబ్బు ముందుకు వస్తుంది. మళ్లీ పక్షవాతం, న్యుమోనియా తోడవుతాయి.

బీపీ సరిగా ఉన్నది మాత్ర వల్ల. 2001లో వెలువడిన ప్రోగ్రెస్ పరిశోధనలో 6,105 మంది ఉన్నారు, బీపీ లేనివారితో సహా. పెరిండోప్రిల్ అనే బీపీ మాత్ర, అవసరమైతే ఇండపమైడ్ అనే మరో బీపీ మాత్ర కలిపి ఇస్తే మళ్లీ పక్షవాతం వచ్చే ముప్పు 28 శాతం తగ్గింది.

కిడ్నీలను ఎక్కువగా తినేది అదుపులేని బీపీ, షుగరు. కొన్ని మాత్రలకు కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష అవసరమే. దాని సంగతి డాక్టరునే అడగాలి.

సందేశంలో లేనివి రెండు అడిగాను. పఖాళ (చద్దన్నం) నీళ్లు తాగితే ఆయనకు పొలమారుతుందట. అలా ఊపిరితిత్తుల్లోకి దిగిన నీటితో న్యుమోనియా పట్టుకోవచ్చు. గుడాఖు? పొద్దున్నే పళ్లకు రాసుకోవడం మానలేదట. పొగ రాదు గానీ అదీ పొగాకే.

ఆవిడ పదిహేను రోజులకే మాత్రలు కొన్నారు. మిగతావి కొడుకును అడిగి తీసుకుంటానన్నారు. ఆ సందేశం పంపింది ఆ కొడుకేనట.