ఒక చుట్టు కోస్తే ఒక అంగుళమా?

పాత పికప్ ఎత్తు తగ్గించి కిందికి దించడం గురించి ఒక వాట్సాప్ ఫార్వర్డ్ నెల రోజులుగా తిరుగుతోంది. మా బామ్మర్ది ఒక్కడే నాకు మూడుసార్లు పంపాడు. వాడి దగ్గర 1970 షెవర్లే సీ-10 ఉంది మరి. అందులో ఉన్నది ఇదీ: "ఏ పాత పికప్‌కైనా లోయరింగ్ స్ప్రింగులు దండగ. ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోసేయండి, లేదా గ్యాస్‌తో కాల్చి కూర్చోబెట్టండి. ఒక చుట్టుకి ఒక అంగుళం. పొట్టిదైతే గట్టిగా ఉంటుంది, బండి కింద తగలదు. జాక్ ఒక్కటి చాలు. అలైన్‌మెంట్ అక్కర్లేదు. ఆర్టీఏ వాళ్లు పట్టించుకోరు."

"ఏ పాత పికప్‌కైనా" అన్న దగ్గరే తప్పు మొదలైంది. 1947-55 నాటి షెవర్లే పికప్‌కి ముందు ఉండేవి కమాన్ కట్టలు, వాటిలో చుట్టే లేదు. 1960-62 సీ-10లో టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు. చుట్టల స్ప్రింగు వచ్చింది 1963 నుంచి. కాబట్టి ముందు బండి కిందికి ఒకసారి దూరి చూడండి.

ఇక అంగుళం లెక్క. సీ-10లో స్ప్రింగు కూర్చునేది చక్రం దగ్గర కాదు, చక్రాన్ని చాసిస్‌కి కలిపే కింది ఆర్మ్‌కి సుమారు మధ్యలో. అక్కడ అంగుళం తగ్గితే చక్రం దగ్గర దాదాపు రెండంగుళాలు దిగుతుంది. అందాజాగా ఒక చుట్టు కోసినవాడు "ఇంత దిగిందేంటి భయ్యా" అని తల పట్టుకునేది అందుకే.

గట్టిపడుతుందన్న మాట అబద్ధం కాదు, చాలదు. ఎనిమిది చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి తీసేస్తే మిగిలేవి ఏడు. గట్టిదనం ఏడు పాళ్ల నుంచి ఎనిమిదికి, అంటే 14 శాతం పెరుగుతుంది. కానీ పైకి కదలడానికి చక్రానికి మూడంగుళాల చోటుంటే, రెండంగుళాలు దించాక మిగిలేది ఒక్కటే. అంతే గుంతని మూడో వంతు చోటులో మింగాలంటే 14 శాతం ఏ మూలకి? ఆర్మ్ వెళ్లి బంప్ స్టాప్‌ని, అంటే దాన్ని ఆపే రబ్బరు దిమ్మని గుద్దుతుంది. కంపెనీ లోయరింగ్ స్ప్రింగు చేసేటప్పుడు తీగ మందం కూడా మార్చగలదు. మందం 5 శాతం పెరిగితే గట్టిదనం 21 శాతం దాటుతుంది. గ్రైండర్ తీగని లావు చేయలేదు కదా. పైగా పాత షాకబ్జర్లు అలాగే ఉంచితే అవి ముందే అడుగుకి తగులుతాయి. పొట్టివి వేయాల్సిందే. మన రోడ్ల సంగతి సరేసరి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) లెక్కన గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మా కాలనీవాళ్లు సిమెంటుతో పోసిన దిమ్మెకి ఆ విషయం తెలియదు.

కాల్చడం మాత్రం పూర్తిగా తప్పు. పోయిన ఎండాకాలం ఆటోనగర్‌లో మాకు తెలిసిన ఉస్తాద్ ఒక కాల్చిన స్ప్రింగు చేతిలో పెట్టాడు. రెండు చుట్ల మీద నెమలిపింఛం లాంటి నీలిరంగు, అక్కడే అవి ఒకదానికొకటి ఆనుకుపోయి ఉన్నాయి. ఎర్రగా కాలిన చోట ఉక్కు టెంపర్ (స్ప్రింగుగా పనిచేయడానికి ఇచ్చిన పదును) పోతుంది, తర్వాత రోజురోజుకీ కుంగుతుంది. ఎడమ, కుడి ఒకేలా కుంగవు. గ్రైండర్‌తో వేడెక్కకుండా, సీటులో సరిగ్గా కూర్చునేలా అర చుట్టు కోసి ఏళ్లపాటు నడిపినవాళ్లు ఉన్నారు, కాదనను. వాళ్లు కోసింది కొలిచి.

జాక్ ఒక్కటి చాలన్న మాటకి నాకు నిజంగా కోపం వచ్చింది. స్ప్రింగు ఆర్మ్ మధ్యలో కూర్చుంది కాబట్టి, చక్రం మోసే బరువుకి దాదాపు రెట్టింపు ఆ స్ప్రింగు మీద ఉంటుంది. ఆర్మ్‌ని చక్రానికి కలిపే బాల్ జాయింట్ ఊడగానే అదంతా ఒక్కసారి విడుదలైతే పక్కన మనిషి మిగలడు. చాసిస్ కింద స్టాండ్లు, కింది ఆర్మ్ కింద వేరే జాక్, స్ప్రింగు చుట్టల్లోంచి చాసిస్‌కి గొలుసు, వీలైతే స్ప్రింగుని నొక్కిపట్టే కంప్రెసర్. ఆ తర్వాత జాక్‌ని మెల్లగా దించాలి, ముఖం పక్కకి పెట్టుకుని. రబ్బరు బుష్‌లున్న బండైతే వాటి బోల్టులు బండి చక్రాల మీద నిలబడ్డాకే బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఉండిపోతుంది.

అలైన్‌మెంట్ తప్పనిసరి. ఎత్తు మారితే క్యాంబర్ (చక్రం నిలువులో వాలు), టో (చక్రం ముందు లోపలికో బయటికో తిరగడం) రెండూ మారతాయి, టైరు లోపలి అంచు అరుగుతుంది. సీ-10లో పై ఆర్మ్ దగ్గర షిమ్‌లు (పల్చటి రేకు బిళ్లలు) మార్చి క్యాంబర్ సరిచేస్తారు. స్ప్రింగు కాస్త కుదురుకోవడానికి కొన్నాళ్లు నడిపాక చేయిస్తే మేలు.

ఆర్టీఏ విషయం: కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, రెండూ కూడా పడొచ్చు. ముందే కాగితాల సంగతి అడిగి తెలుసుకోవాలి.

బామ్మర్ది చివరికి స్ప్రింగుల సెట్టే తెప్పించాడు. పాతవాటికి నూనె రాసి, ఏది ఎడమ ఏది కుడి అని చీటీ కట్టి అటక మీద పెట్టించాను.