ఆరంభశూరులకు తీరని అన్యాయం

ఆంధ్రులు ఆరంభశూరులని ఎవరో ఏనాడో అన్న మాటను మనం ఇంతకాలం నిందగానే మోశాం. మొన్న ఆదివారం బెంగళూరులో మా అక్క మనవరాలి ఈత పోటీ చూశాక నా కళ్లు తెరుచుకున్నాయి. ఆరంభంలోనే సగం ఫలితం తేలిపోయే ఆట ఒకటి భూమ్మీద ఉంది. అయినా అందులో మన పేరు మారుమోగకపోవడానికి కారణం చేతకానితనం కాదు, నిబంధనలు.

ముందు ముహూర్తం సంగతి. రెఫరీ పొడుగాటి ఈల వేస్తే బ్లాకు, అంటే కొలను గట్టున దూకడానికి పెట్టిన దిమ్మె, ఎక్కాల్సిందే. సమయం సాయంత్రం నాలుగున్నర దాటింది, అంటే రాహుకాలం. "ఆరు దాకా ఆగమనండి" అని మా బావగారు నిర్వాహకుడిని అడిగారు. ఆయన కన్నడంలో ఏదో అన్నాడు. మర్యాదగానే అని ఉంటాడని మా నమ్మకం. అంతలో పక్క లేన్ పిల్ల తుమ్మింది. మన ఇళ్లలో అయితే కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పంపుతాం. అక్కడ ఎదురుగా కొలనెడు నీళ్లున్నా ఆ మర్యాద లేదు.

బ్లాకు నీటికి 50 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. పోటీ మొదలుపెట్టే సంకేతమిచ్చే స్టార్టర్ సిద్ధం కమ్మనగానే కనీసం ఒక పాదం దాని ముందు అంచున పెట్టాలి. రెండో కాలిని వెనక వాలు పలకకు ఆనించి తన్నుకుంటూ దూకడం ఇప్పటి పద్ధతి. చేతులు ఎక్కడ పెట్టుకున్నా అడగరు. మొత్తం నిబంధనల్లో నాకు కనబడిన దయ ఇదొక్కటే.

అసలు కుట్ర ఆ తర్వాత ఉంది. అందరూ కదలకుండా నిలిచేదాకా స్టార్టర్ సంకేతం ఇవ్వడు. కదలకుండా! పెళ్లి భోజనాల్లో తొలి బంతి పెరుగన్నంలోకి రాకముందే కుర్చీ వెనక నిలబడే జాతిని పట్టుకుని ఈ మాట అనడం న్యాయమా? సంకేతానికి ముందు దూకితే అనర్హత. ఒకప్పుడు మొదటి తప్పుకు హెచ్చరించి వెనక్కి పిలిచేవారు. ఆ పెద్దమనసు ఇప్పుడు లేదు.

2004లో ఆస్ట్రేలియా ఒలింపిక్ ఎంపిక పోటీల్లో ఇయాన్ థోర్ప్ తూలి నీళ్లలో పడ్డాడు. 400 మీటర్ల ఫ్రీస్టైల్‌లో ప్రపంచ రికార్డు ఆయనదే అయినా అనర్హుడన్నారు. ఆ పోటీకి ఎంపికైన సహచరుడు క్రెయిగ్ స్టీవెన్స్ తన చోటు వదులుకోబట్టి ఏథెన్స్ వెళ్లి బంగారు పతకం తెచ్చాడు. అంతకన్నా ఘోరం 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో జరిగింది. ఈక్వటోరియల్ గినీకి చెందిన ఎరిక్ ముసాంబానీ పక్కన ఇద్దరు శూరులుండేవారు. ఇద్దరూ ముందే దూకారు, ఇద్దరినీ పంపేశారు. కదలని ముసాంబానీ ఒంటరిగా 100 మీటర్లు 1 నిమిషం 52.72 సెకన్లలో ఈది ఆ హీట్ (తొలి వడపోత పందెం) గెలిచాడు. చరిత్ర ఆయన పేరే రాసుకుంది. ఆ ఇద్దరి త్యాగం ఎవరికి గుర్తుంది?

ఒక్క రిలేలో మాత్రం మనకు ఆశ ఉంది. ముందువాడు గోడ ముట్టేలోపు బ్లాకు మీద ఊగవచ్చు, చేతులు తిప్పవచ్చు, పాదం మాత్రం వదలకూడదు. అంటే పెళ్లి బంతి దగ్గర మనం చేసేదే.

ఇన్ని గండాలు దాటి దూకినా శూరత్వానికి హద్దు గీశారు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో వెల్లకిలా ఈదే బ్యాక్‌స్ట్రోక్ పందెంలో డేవిడ్ బెర్కాఫ్, దైచి సుజుకి తొలి నెలలోనే చిట్టీ పాడుకున్నవాళ్లలా నీటి అడుగున మాయమై, సగం కొలను దాటాక తేలారు. పెద్దలకు కన్ను కుట్టింది. ఇప్పుడు బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై, ఫ్రీస్టైల్ మూడింటిలోనూ 15 మీటర్లకల్లా తల పైకి రావాలి.

కాబట్టి రెఫరీ బల్ల మీద పంచాంగం ఉంచాలని, మొదటి తప్పును మళ్లీ మన్నించాలని కోరుతూ అంతర్జాతీయ ఈత సమాఖ్య వరల్డ్ అక్వాటిక్స్‌కు అర్జీ రాయడం మొదలుపెట్టాను. మొదటి పేరా అద్భుతంగా వచ్చింది. రెండోది రేపు రాస్తాను.

ఇంతకీ మా పిల్ల రాహుకాలంలో, తుమ్ము తర్వాత, రాయిలా నిలబడి, సంకేతం విన్నాకే దూకి మూడో స్థానంలో వచ్చిందట. నేను చూడలేదు. సిద్ధం కమ్మనగానే "దూకమ్మా, దూకు!" అని అరిచినందుకు నన్ను గ్యాలరీ నుంచి బయటికి పంపారు. ఆ పందెంలో అనర్హుడైంది నేనొక్కడినే.