'లెట్ మీ ఇన్' మక్కీకి మక్కీ కాపీ కాదు

హారర్ సినిమాల కబుర్లు నడిచేచోట తరచుగా వినిపించే మాట ఇది: "2008లో స్వీడన్ వాళ్ళు 'లెట్ ద రైట్ వన్ ఇన్' అనే గొప్ప వాంపైర్ సినిమా తీశారు. సబ్‌టైటిల్స్ చదవడానికి బద్ధకించే అమెరికన్ల కోసం హాలీవుడ్ దాన్ని 2010లో 'లెట్ మీ ఇన్' పేరుతో మక్కీకి మక్కీ దించేసింది. మూల రచయితను అవమానించింది. జనం తిప్పికొట్టారు." ఆ స్వీడిష్ సినిమా అంటే నాకు ప్రాణం. అయినా ఈ మాటను ఒప్పుకోలేను. రెండింటి కథా, ముగింపూ ఇక్కడ చర్చకొస్తాయి, చూడనివాళ్ళు గమనించగలరు.

ముందు కాపీ సంగతి. పోలికలు చాలానే ఉన్నాయి. మంచు కప్పిన అపార్ట్‌మెంట్ ఆవరణ, స్కూల్లో దెబ్బలు తినే 12 ఏళ్ళ పిల్లాడు, పక్క వాటాలో దిగిన వింత అమ్మాయి, రూబిక్స్ క్యూబ్, గోడ మీద తట్టే మోర్స్ కోడ్, చివర ఈతకొలను. ఈతకొలను దగ్గర రీమేక్ దర్శకుడు మాట్ రీవ్స్, స్వీడిష్ సినిమా దర్శకుడు తోమస్ ఆల్ఫ్రెడ్‌సన్ నీడ దాటి బయటికి రాలేకపోయాడన్నది నిజం. నీళ్ళ అడుగున పిల్లాడి ముఖం మీదే కెమెరా ఆగిపోయి, పైన జరిగే ఘోరం మనకు ముక్కలుగా మాత్రమే తెలిసే ఆ నిశ్శబ్దం రీమేక్‌కు అందలేదు.

కానీ రీమేక్ మొదలయ్యేదే వేరేచోట. ముఖం కాలిపోయిన ఒక మనిషిని అంబులెన్స్‌లో ఆస్పత్రికి తెస్తారు, పోలీసు అధికారి ప్రశ్నించబోతాడు, కాసేపటికే ఆ మనిషి కిటికీలోంచి పడి చనిపోతాడు. కథ అక్కణ్ణుంచి రెండు వారాలు వెనక్కి వెళ్తుంది. ఆ మనిషే అమ్మాయికి రక్తం తెచ్చిపెట్టేవాడు. స్వీడిష్ సినిమాలో అతని చివరి ప్రయత్నం స్కూల్లో బెడిసికొడుతుంది. రీమేక్‌లో అతను కారు వెనక సీట్లో దాక్కుంటాడు. పెనుగులాటలో కారు వెనక్కి దూసుకెళ్ళి గట్టు మీంచి దొర్లుతుంటే, కెమెరా కారులోనే ఉండి లోకమంతా గిరగిర తిరగడం చూపిస్తుంది. దీనికి మూలంలో మాతృక లేదు.

అసలు తేడా ఆ మనిషి ఎవరన్న దగ్గరుంది. రెండు సినిమాలకూ మూలమైన, 2004లో వచ్చిన స్వీడిష్ నవలలో అతను పిల్లల పట్ల వికృతమైన కోరిక ఉన్నవాడు, పెద్దయ్యాకే ఆమెకు తారసపడ్డాడు. ఆల్ఫ్రెడ్‌సన్ ఆ గతాన్ని తీసేసి, అతనెవరో చెప్పకుండా వదిలేశాడు. రీవ్స్ మూడో దారి పట్టాడు. రీమేక్‌లోని పిల్లాడు ఓవెన్‌కు అమ్మాయి ఇంట్లో పాత ఫోటోలు దొరుకుతాయి. వాటిలో ఆమె ఇప్పటిలాగే ఉంది, పక్కనున్నది కళ్ళజోడు పెట్టుకున్న ఓ చిన్న పిల్లాడు. ఆ పిల్లాడే ఈ ముసలివాడని మనకు అర్థమవుతుంది. దాంతో పిల్లాడు ఆ అమ్మాయితో కలిసి వెళ్ళిపోయే చివరి రైలు ప్రయాణం అర్థమే మారిపోతుంది. స్వీడిష్ సినిమాలో అది విడుదలో, ఉచ్చో తేల్చుకోవడం మన వంతు. ఇక్కడ మాత్రం పిల్లాడు ఎక్కడికి చేరతాడో మన కళ్ళతో చూసేశాం. ఆ ఖాళీని పూడ్చకుండా ఉండాల్సిందని మీరు వాదించవచ్చు, అది న్యాయమైన వాదన. కానీ అచ్చు దించినవాడి మీద ఆ వాదన పెట్టలేం కదా!

చోటు కూడా ఊరికే మారలేదు. స్టాక్‌హోమ్ శివారు బ్లాకెబెరి నుంచి కథ అణుబాంబు పుట్టిన లాస్ అలమోస్‌కు వచ్చింది. కాలం 1983 మార్చి, అమెరికా అధ్యక్షుడు రీగన్ సోవియట్ యూనియన్‌ను దుష్ట సామ్రాజ్యమన్న నెల. ఆ ప్రసంగం సినిమాలో టీవీలో వినిపిస్తుంది. చెడు ఎక్కడో అవతల ఉందని దేశాధినేత చెబుతున్న రోజుల్లో, చెడు అనేది ఉంటుందా అని పిల్లాడు తండ్రిని ఫోన్‌లో అడుగుతాడు. తండ్రి దాన్ని తల్లి నూరిపోసిన దైవభక్తి కింద కొట్టిపారేస్తాడు. స్వీడిష్ పిల్లాడు కనీసం తండ్రి దగ్గరికి వెళ్ళి ఆడుకుంటాడు. ఓవెన్‌కు తండ్రి ఒట్టి గొంతు, తల్లి ముఖమైతే ఒక్కసారి కూడా స్పష్టంగా కనిపించదు.

సబ్‌టైటిల్స్ బద్ధకం మాటకొస్తే, 2009లో అమెరికాలో వచ్చిన స్వీడిష్ సినిమా డీవీడీలో థియేటర్ సబ్‌టైటిల్స్ తీసేసి పలచబరిచినవి పెడితే, గొడవ చేసింది అక్కడి ప్రేక్షకులే. పాతవి తిరిగి పెడతామని పంపిణీదారు చెప్పాల్సి వచ్చింది. మనలో చాలామందికి రెండూ పరాయి భాషలే, రెండింటికీ కింద అక్షరాలు చదువుకుంటూనే చూస్తాం. ఆ నింద మనం మోయనక్కర్లేదు.

రచయితకు అవమానం అన్నది పూర్తిగా తప్పు. స్వీడిష్ స్క్రీన్‌ప్లే రాసిన నవలాకారుడు యోన్ ఐవిదె లిండ్‌క్విస్టే రీమేక్‌ను మెచ్చుకున్నాడు. తన మొదటి నవలకు రెండు మంచి సినిమాలు దక్కడం అదృష్టమన్నాడు, రెండోది భావోద్వేగపు బరువును వేరేచోట్ల మోపిందన్నాడు. రీమేక్ ఆలోచన నచ్చనిది ఆల్ఫ్రెడ్‌సన్‌కు. ఇద్దరినీ కలిపేయడం వల్లే ఈ పుకారు నిలబడుతోంది.

వసూళ్ళా? రీమేక్ బడ్జెట్ సుమారు 2 కోట్ల డాలర్లు, ప్రపంచవ్యాప్త రాబడి 2.4 కోట్లు. ఆడలేదు, నిజమే. స్వీడిష్ సినిమా రాబడి అందులో సగం కూడా లేదు. ఈ కొలమానం ఎవరికీ పనికిరాదు.

నాకు రీమేక్ మీద ఉన్న కోపం వేరు. నవలలో ఆ వాంపైర్ 'అమ్మాయి' ఎలీ పుట్టుకతో అబ్బాయి. "నేను అమ్మాయిని కాను" అన్న మాట వెనక స్వీడిష్ సినిమా ఆ సంగతిని రెప్పపాటు సూచనగా ఉంచింది. రీవ్స్ మాట ఉంచి సూచన తీసేశాడు. దాంతో ఆ మాట 'నేను మనిషిని కాను' అన్నంత వరకే కుంచించుకుపోయింది.